ఆరుగురి ఇంజను, నాలుగో రోజు నీళ్లు

ట్రాక్టరు మోతలో ఫోనెత్తిన పాపాయమ్మకి వినబడింది ఒక్క ముక్క: "ప్రధానం." దాంతో పట్టుచీర కట్టుకుని, తాంబూలం పళ్లెంతో సహా, ద్రాక్షారామం అవతల ఉన్న శివారు చేలగట్టుకి వచ్చేసింది. వెనకే భర్త దొరబాబు, ఇంజను సంఘం ఇళ్లవాళ్లూ.

"పెళ్లికూతురేదమ్మా?"

"పెళ్లికూతురు కాదు పిన్నిగారూ, ప్రధాన సంఖ్య అన్నాను. లెక్క!" అంది ప్రసన్నకుమారి. ఆవిడ బడిలో లెక్కల టీచరు. ఆ చేను ఆవిడ వదిన నాగదుర్గది.

ఎవరికీ నవ్వు రాలేదు. ఎదురుగా ఎకరన్నర దాళ్వా వరిచేను నెర్రెలిచ్చి ఉంది. పైరు పొట్టమీదుంది గానీ చేను కడుపు ఖాళీ. ఇంకో వారం తాళుతుంది, ఆపైన అంతా తాలే.

కాలువకి నాలుగు రోజులకోసారి నీళ్లు. చేలు మెరక, తోడాలంటే ఇంజనుండాలి. ఆరిళ్లకీ కలిపి ఉన్నది ఒక్కటే, రోజుకో ఇంటి వంతు. నీళ్లు లేని రోజున చేపల చెరువులు తోడుకోవాలి కాబట్టి అది ఎవరికోసమూ ఆగదు. ఇవాళ పదమూడు. ఇంజను నాగదుర్గ గట్టు మీదుంది. కాలువ నిన్ననే వచ్చి వెళ్లిపోయింది.

"ఒకటిన ఇంతే, ఏడున ఇంతే. నీ వంతుకి అదృష్టం లేదమ్మా. పంతొమ్మిదిన చూద్దాం" అన్నాడు సంఘం పెద్ద దొరబాబు.

"పంతొమ్మిదినా రావండి. ఎన్ని రౌండ్లు తిరిగినా రావు."

ప్రసన్నకుమారి ఇంజను రేకు మీద సుద్దతో రాసింది. నీళ్లు: 4, 8, 12, 16, 20. వదిన వంతు: 1, 7, 13, 19.

"నాలుగు సరి, ఆరు సరి. రెండింటికీ రెండు కారణాంకం. బేసి రోజున మొదలైన వంతు ఆరేసి రోజులు నడిస్తే బేసి మీదే పడుతుంది. నీళ్లేమో సరి రోజునే వస్తాయి."

"నా వంతు అయిదూ పదకొండూ కదే!" సంఘంలో ఇంకో ఇంటి శ్యామలాంబ గుండె మీద చెయ్యేసుకుంది. "అందుకా రాలేదు? సరీ సరీ ఒకటై మనకి సరిలేకుండా చేశాయన్నమాట!"

"మరి ఏం చెయ్యమంటావు?" అన్నాడు దొరబాబు.

"వంతులు ఏడు చెయ్యండి. ఏడు ప్రధాన సంఖ్య, ఒకటీ తనూ తప్ప దేనికీ లొంగదు. నాలుగుతో దానికి పొత్తు లేదు కాబట్టి ప్రతి వంతూ ఎప్పుడో ఒకప్పుడు నీళ్లకి ఎదురుపడుతుంది. ఏడో ఇల్లు సత్తియ్యగారిది. ఏడాదిగా వాటా ఇస్తాననే అంటున్నారుగా."

చేపల వేటకెళ్తూనే అరెకరం చేసుకునే సత్తియ్య గట్టు చివర నిలబడి తలెత్తలేదు. ధాన్యం కొలిచేటప్పుడు కూడా ఏడు అనకుండా 'ఆరున్నొక్కటి' అనే ఊరది. ఆయన్ని వద్దన్నది అందుకే.

"ఏడా! పంట మీద ఏడుపు పెడతావా?" దొరబాబు గొంతు లేచింది. "పైగా నాకు నాలుగున వచ్చాయి, పదహారున వస్తాయి, ఇరవై ఎనిమిదినా వస్తాయి. పన్నెండు రోజులకోసారి. నీ ఏడు పెడితే ఎన్నాళ్లకి?"

ప్రసన్నకుమారి తడబడింది, అయినా దాచలేదు. "ఇరవై ఎనిమిది రోజులకండి. ఎవరికైనా అంతే."

ఇంజనుని పక్క చేనుకి లాగడానికి ట్రాక్టరు దగ్గరికొస్తోంది. పెద్దాయన కాదంటే ఈ రౌండూ పాత వరసలోనే సాగుతుంది.

నాగదుర్గ చేలోకి దిగి ఒక పొట్టకర్ర తుంచి, చీల్చి, దొరబాబు అరచేతిలో పెట్టింది. లోపల లేత వెన్ను, కొస వాడిపోయి.

"బాబాయిగారూ, మీరు ముందు నాట్లు ఊడ్చారు. పదహారు తడితో మీ చేను కోతకొచ్చేస్తుంది, ఇరవై ఎనిమిది నీళ్లు మీకు అక్కర్లేదు. పంతొమ్మిది సత్తియ్యగారికిస్తే నా వంతు ఇరవైకి జరుగుతుంది. అది నీళ్ల రోజండి. అది దాటితే నాకు చేను లేదు."

ట్రాక్టరు వచ్చి ఆగింది. దొరబాబు వెన్నుని వేళ్లతో నలిపాడు. వేళ్లకి తడి అంటలేదు.

"సుద్ద ఇలా ఇవ్వమ్మా."

పంతొమ్మిది పక్కన సత్తియ్య అని రాశాడు. ఇరవై పక్కన నాగదుర్గ, ఇరవై నాలుగు వేసి దాని పక్కన శ్యామలాంబ. రాసి, అందరివైపూ తిరిగాడు.

"వినండి. ఈ పిల్ల వంతులో దోషం లేదు, అదృష్టం మాట నేను తెలీక అన్నాను. నాలుగుకీ ఆరుకీ ముడేసింది మనమే. ఆ ముడిలో సరి రోజుల వాళ్లకి పదేపదే నీళ్లొచ్చాయి, బేసి రోజుల వాళ్లకి ఎన్నాళ్లు కూర్చున్నా రావు. ఇక వంతులు ఏడు."