అన్నయ్య ఫోను ఎత్తని సోమవారం

ప్రతి సోమవారం పొద్దున్నే ఆమె డాక్టర్లకు ఫోన్లు చేస్తుంది. ఇళ్ళకు వెళ్ళి రోగుల్ని చూసేవాళ్ళు, అత్యవసర క్లినిక్కుల్లో కూర్చునేవాళ్ళు, గడిచిన వారం జ్వరాలెన్ని, వాంతులూ విరేచనాలెన్ని, ఆయాసాలెన్ని చూశారో చెబుతారు. ఏ జబ్బు పెరుగుతోందో, ఏది తగ్గుముఖం పట్టిందో సాయంత్రానికల్లా ఆమె పనిచేసే జబ్బుల లెక్కల ఆఫీసు తేలుస్తుంది.

ఆ డాక్టర్లలో ఒకరు ఆమె సొంత అన్నయ్య. అమ్మకు ఊపిరాడని రోజున అతను ఎవరింట్లోనో ఉన్నాడు. చెల్లెలు ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. వచ్చేసరికి అంతా అయిపోయింది. "ఊరందరి గడపా తొక్కుతావు, అమ్మ గడప తప్ప," అని ఆమె నోరు జారింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మిగిలినవి సోమవారం అంకెలే. ఆమె తింటోంది, పడుకుంటోంది, బస్సెక్కుతోంది. లోపల మాత్రం మత్తు సూది పడ్డ చిగుళ్ళలా ఏదీ తెలియడం లేదు.

ఈ సోమవారం అన్నయ్య ఫోను ఎత్తలేదు.

"ఒక్క డాక్టరు లేకపోతే కొంపలేం మునగవులేమ్మా. ఖాళీ వదిలెయ్," అన్నాడు పక్క బల్ల పెద్దాయన. గీతలే లోకంగా బతికే ఆయన్ని ఆఫీసంతా గ్రాఫు బాబాయ్ అంటారు.

ఖాళీ వదిలింది. మధ్యాహ్నం మళ్ళీ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. బ్యాగు తీసుకుని లేచింది.

"ఎక్కడికమ్మా?"

"మా అన్నయ్యింటికి, బాబాయ్."

తలుపు దగ్గరగా వేసి ఉందంతే. అన్నయ్య సోఫాలో, బూట్లయినా విప్పకుండా పడి ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. గొంతులో పిల్లికూతలు.

"లెక్క కోసం వచ్చావా?" అన్నాడు కళ్ళు తెరవకుండా. "జ్వరాలు పెరిగాయి. రాసుకో."

"రాసుకుంటాలే. ఎవరికైనా చూపించుకున్నావా?"

"ఎవరికి చూపించుకోను, డాక్టర్ని నేనే కదా."

ఆమె అతని బూట్లు విప్పింది. వారంవారం తనకు లెక్క చెప్పే డాక్టరమ్మ ఒకావిడకు ఫోను చేసింది. ఆవిడ వచ్చి, ఛాతీకి స్టెతస్కోపు ఆనించి విని, "ఇంకో పూట ఆగుంటే చెయ్యి దాటిపోయేది," అంటూ అంబులెన్సు పిలిపించింది.

ఆసుపత్రి మంచం మీద, ఆక్సిజన్ పెట్టాక, అన్నయ్య మెల్లగా నోరు విప్పాడు.

"ఆ రోజు నీ ఫోను మోగడం విన్నాను. నా చేతుల్లో ఒక పసిపిల్ల ఉంది. ఊపిరి ఆగిపోతోంది దానికి."

"బతికిందా?"

"బతికింది."

కోపమో, ఏడుపో వస్తుందని ఆమె కాసేపు చూసింది. ఏదీ రాలేదు.

"సరే," అంది. దుప్పటి అతని పాదాల మీదికి లాగింది. అతను నిద్రపోయేదాకా అక్కడే కూర్చుంది.

అన్నయ్య కోలుకుని మళ్ళీ ఇళ్ళ వెంట తిరుగుతున్నాడు. ఆదివారాలు ఆమె అతనింటికి భోజనానికి వెళ్తోంది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. అతను ఇంకో గరిటెడు వడ్డిస్తే ఆమె వద్దనదు.