కనబడని డ్రైవ్

పదకొండింటికి ఆన్‌లైన్ పరీక్ష. పాసైతే రాయదుర్గంలో ఉద్యోగం. పాప పుట్టాక ఐదేళ్లు ఇంట్లో కూర్చున్నదాన్ని, నాకది ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. పదింపావుకు ల్యాప్‌టాప్ తెరిస్తే నల్లటి తెర మీద ఒకటే మాట: డిస్క్ లేదు.

పాత డిస్క్ పోయిన వారమే చచ్చింది. నిన్న లింగంపల్లి స్టేషన్ దగ్గర తిరుపతి అనే అతని షాపులో దాని బదులు సెకండ్‌హ్యాండ్ ఎస్ఎస్‌డీ డ్రైవ్ కొన్నాను. వేలెడంత ముక్క. విండోస్ ఎక్కించి, నా ముందే నడిపించి చూపించాడు. ఇంటికి తెచ్చి టేబుల్ మీద పెట్టి, పొద్దున నేనే బిగించాను. బిగించడం కూడా ఒక విద్యేనా అనుకున్నాను.

ఊడదీసి మళ్లీ బిగించాను. లేదు. ఇంకోసారి. లేదు. నా కోపం సంగతి మా అపార్ట్‌మెంటుకంతా తెలుసు. తిరుపతికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"ఏమన్నా, చచ్చినదాన్ని అంటగడ్తివే. గంటలోపల నాకు పరీక్ష ఉంది."

"నిన్న మీ ముందట్నే నడ్సింది గద మేడం. పరేషాన్ గాకుండ్రి. ఆ బంగారు రంగు పిన్నులకు ఏమన్న అంటిందా చూడుండ్రి."

"ఏమీ అంటలేదు. నీ సరుకే మంచిది కాదు. పరీక్ష పోయిందంటే వచ్చి నీ షాపు ముందరే కూచుంటా."

గుమ్మంలో నిలబడి వింటున్న మా అత్త కిష్టమ్మ లోపలికి వచ్చింది.

"ఆయన్ని అనకు బిడ్డా. నేనే పసుపు పెట్టిన."

"దేనికి?"

"గా ముక్కకు. పొద్దుగాల దీపం పెట్టినప్పుడు. ఎవరు వాడిండ్రో ఏమో, ఇంట్లకొచ్చినదాన్ని ఉత్తగ ఎట్ల పెడ్తం? మెరుస్తున్నకాడ జరంత పెట్టి, కొంగుతోని తుడ్సిన. కుంకుమైతే నీకు కనబడ్తదని పెట్టలే. మొన్న వైఫై డబ్బాకు బొట్టు పెడ్తే అరిచినవు గద. తర్వాత తిట్టుదువు గని, ముందుగాల సాఫ్ చెయ్."

కిటికీ వెలుతురులో పట్టుకుని చూశాను. బంగారు రంగు మీద ఎండిన పసుపు. రంగులో రంగు కలిసిపోయి ఇంతసేపూ నా కళ్ల ముందే ఉంది. ఫోన్‌లో తిరుపతి నవ్వాపుకుంటున్నాడు.

"పెన్సిల్ రబ్బర్‌తోని మెల్లగ రుద్దుండ్రి మేడం."

అతనికి సారీ చెప్పాను. అత్త పాప పెన్సిల్ డబ్బా వెతికి రబ్బరు తెచ్చిచ్చింది. తిట్టాలనిపించలేదు నాకు, సిగ్గేసింది. నా మంచి కోరి పసుపు పెట్టడానికి కూడా ఆమె నాకు భయపడి దొంగచాటుగా పెట్టాల్సి వచ్చింది.

రుద్ది మళ్లీ బిగిస్తే, పదకొండుకు పది నిమిషాలుండగా తెర మీద డ్రైవ్ కనబడింది. అత్త తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. పరీక్ష బాగానే రాశాను.

బయటికొచ్చి అడిగాను. "అత్తా, నిజం చెప్పు. ఇంకా ఎక్కడెక్కడ పెట్టినావు?"

నన్ను మళ్లీ గదిలోకి తీసుకెళ్లింది. నేను కూర్చునే కుర్చీని పక్కకు వంచి చూపించింది. అడుగున వరసగా ఆరు పసుపు బొట్లు. కొన్ని వెలిసిపోయాయి.

"నువ్వు తలుపు పెట్టుకొని ఇంటర్వ్యూ ఇచ్చినప్పుడల్ల ఒకటి," అంది.

ఆరు ఇంటర్వ్యూలు పోయిన సంగతి నేను మా ఆయనకు కూడా చెప్పలేదు.