మడమల మీద సంప్రదాయం

నిషివాకి ఫుజియె కిమోనో కింద ఒక పీట ఉంది. మడతపెడితే చేతిసంచిలో ఇమిడిపోయేంత బుల్లి చెక్క పీట. దాన్ని మడమల మధ్య పెట్టుకుని, పైన కిమోనో అంచు సర్దుకుని కూర్చుంటే బరువంతా దాని మీదే పడుతుంది. చూసేవాళ్ళకు మాత్రం ఆమె మోకాళ్ళు మడిచి, మడమల మీద, నిటారుగా, తాతముత్తాతల పద్ధతిలో కూర్చున్నట్టే ఉంటుంది. ఆమె ఉండే మాత్సుఎ ఊరి దుకాణాల్లో ఇలాంటి పీటలు మోకాళ్ళ నొప్పులవాళ్ళకు బాహాటంగానే అమ్ముతారు. ఫుజియె మాత్రం రైలెక్కి పక్క ఊరికి వెళ్ళి కొనుక్కుంది.

తను మోసం చేస్తున్నానని ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు. అబద్ధమంటే నోటితో ఆడేది. ఇది మోకాళ్ళ వ్యవహారం.

నోటి వ్యవహారం వేరు. ప్రతి గురువారం మధ్యాహ్నం బడిలో నాలుగో తరగతి పిల్లలను తతామి చాపల మీద వరసగా కూర్చోబెట్టి, "మన చరిత్ర, మన సంస్కృతి" అన్న పాఠం కింద తేనీటి మర్యాద నేర్పేది. "కాళ్ళు నొప్పెడుతున్నాయని కదిలేవాడికి ఇంకా మనసు కుదరలేదన్నమాట. మన పూర్వీకులు వెయ్యేళ్ళు ఇలాగే కూర్చున్నారు," అనేది. వెయ్యేళ్ళు అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. మొదటిసారి ఐదొందలు అన్నట్టు గుర్తు.

ఇంటి దగ్గర ఆమె దగ్గర నేర్చుకునేవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. కొందరు ఊరు మారారు, కొందరు యోగాకు మారారు. ఇప్పుడామెను "సెన్సే", అంటే గురువుగారూ, అని పిలిచేది ఈ పిల్లలే. ఆ పిలుపు వినని వారం తను ఎవరో తనకే సరిగ్గా తెలియదన్న అనుమానం ఫుజియెకు సెలవుల్లో వచ్చేది. సెలవులు అయిపోగానే పోయేది.

ఈ గురువారం ఉపప్రధానోపాధ్యాయుడు ఒగుషి వచ్చి వెనక కూర్చున్నాడు. ఈ తరగతి తీసేసి ఆ గంటలో పిల్లలకు రోబోలు నేర్పిద్దామని ఆయన ఆలోచన. అది బడి అంతటికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. "ఊరికే చూసిపోదామని వచ్చాను, మీరు కానివ్వండి," అన్నాడు. అంటే ఈరోజు ఏదైనా తేడా వస్తే వచ్చే ఏడాది నువ్వు లేవు అని. ఆ ఊళ్ళో ఆ మాటను మరోలా అర్థం చేసుకునేవాళ్ళు ఉండరు.

అందుకే ఫుజియె ఆరోజు ఎక్కువ మాట్లాడింది. పిల్లలు ఒకరి తరవాత ఒకరు పక్కలకు ఒరగడం మొదలుపెట్టారు.

చిసా అనే పిల్ల చెయ్యెత్తింది. "సెన్సే, మా చరిత్ర పుస్తకంలో బొమ్మ ఉంది కదా, పాతకాలం తేనీటి గురువుది. ఆయన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడేంటి?"

"చిత్రకారుడు సరిగ్గా చూసి ఉండడు," అంది ఫుజియె.

"ఎదురుగా కూర్చోబెట్టుకుని గీశాడేమో కదా?"

"చిసా, వీపు నిటారుగా."

ఒగుషి సన్నగా దగ్గాడు. ఆ దగ్గులో నవ్వు ఉందా అని ఆలోచిస్తూనే ఫుజియె పాత్ర అందుకోవడానికి లేచింది. మామూలుగా లేచేటప్పుడు ఎడమచేత్తో కిమోనో అంచు సర్దినట్టు సర్ది పీటను చేతిలోకి లాక్కునేది. ఎన్నో నెలల సాధన అది. టీ కలపడం కూడా అంత శ్రద్ధగా సాధన చెయ్యలేదు. ఈసారి ఎడమకాలు అక్కడ లేదు. తిమ్మిరెక్కి ఎవరిదో కాలులా వేలాడింది. ఆమె చతికిలపడింది. పీట కిమోనో కిందనుంచి జారి, చాప మీద సర్రున వెళ్ళి, చిసా మోకాళ్ళ ముందు ఆగింది.

ఒగుషి వెంటనే గోడకు వేలాడుతున్న, కుంచెతో అక్షరాలు రాసిన పటం వైపు తిరిగి దాన్ని మహా ఆసక్తిగా చూడసాగాడు. పెద్దమనిషన్నవాడు ఇలాంటప్పుడు చెయ్యవలసింది అదే. కానీ పిల్లలు ఇంకా పెద్దమనుషులు కాలేదు.

"ఒరేయ్, పీట్రా!"

"మనం ఇక్కడ కాళ్ళు పడిపోయి చస్తుంటే, సెన్సే పీటేసుకుని కూర్చుందా!"

"అన్యాయం సెన్సే! తొండి, తొండి!"

చిసా పీటను రెండు చేతులతో, టీ పాత్ర పట్టుకోవాలని ఫుజియె నేర్పిన పద్ధతిలోనే పట్టుకుని తెచ్చింది. "సెన్సే, ఇది మీదేనా?"

ఫుజియెకు లోపల విచిత్రంగా చల్లబడింది. అవును, నాదే, నా మోకాళ్ళు పోయాయి, మీరూ కాళ్ళు చాపుకోండి అని చెప్పేస్తే? మాటలన్నీ నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. ఎంత హాయిగా ఉంటుందో కూడా తెలిసింది. సరిగ్గా అప్పుడే ఒగుషి గొంతు వినబడింది.

"ఆగండర్రా. అది... సెన్సే వంశంలో గురువులకు మాత్రమే ఇచ్చే పీట అనుకుంటా. అంతేనా, నిషివాకి సెన్సే?"

ఆమె ఆయన వైపు చూసింది. ఆయన మొహం నిండా వేడుకోలు. ఆమెను కాపాడాలని కాదు. ఆమె తలవంచుకుంటే అది చూస్తూ కూర్చున్నందుకు తనూ తలవంచుకోవాలి. ఆ గదిలో ఆమెను సాగనంపాలనుకున్న ఏకైక మనిషి, ఆమె పరువు పోతుంటే భరించలేకపోయాడు.

"అంతే," అంది ఫుజియె. తన గొంతు అంత నిలకడగా రావడం ఆమెకే ఆశ్చర్యమనిపించింది. "చాలా పాతది. మామూలుగా చూపించం."

"ధర చీటీ అంటించి ఉంది దీనికి," అంది చిసా.

"మరమ్మతుకు ఇచ్చాం," అంది ఫుజియె.

ఒగుషి గట్టిగా తల ఊపాడు. "చూశారా పిల్లలూ! ఇలాంటివి ఇంకెక్కడ చూస్తారు? దీని గురించి వచ్చే ఏడాది పిల్లలకు కూడా..." అంటూ ఆగిపోయాడు. తను ఏమన్నాడో తనకే వినబడింది. ఇక ఏ రోబో వచ్చినా ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకోలేదు. "వచ్చే ఏడాది కూడా సెన్సే చెబుతారు," అని నీరసంగా పూర్తి చేశాడు.

పిల్లలు పీటకు వంగి నమస్కరించారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు.

"మరి మేమెప్పుడు దాని మీద కూర్చోవచ్చు?" అడిగింది చిసా. అప్పటికే కన్నీళ్ళు ఆపుకుంటోంది, కాళ్ళ పోటుకి.

"నలభై ఏళ్ళు సాధన చేశాక."

ఫుజియె అందరూ చూస్తుండగా పీట వేసుకుని దర్జాగా కూర్చుంది. దాచుకునే పని లేకపోయేసరికి మోకాళ్ళు ఒక్కసారిగా తేలికపడ్డాయి. అక్కడినుంచి పిల్లలు కాస్త కిందుగా, బాగా కనిపిస్తున్నారు. చిసా మెల్లగా బరువు ఒక మడమ నుంచి ఇంకో మడమకు మార్చుకుంటోంది. ఆ పిల్ల చీలమండలో సరిగ్గా ఎక్కడ పోటు పుడుతోందో ఫుజియెకు తెలుసు, తను అనుభవిస్తున్నంత స్పష్టంగా.

"చిసా," అంది మృదువుగా, "కదలకు. నొప్పి కాళ్ళలో ఉండదమ్మా, మనసులో ఉంటుంది."