చేతులకు మొహమాటం లేదు

పదకొండో ఆవిడ నడుము తడుముతూ ఎక్స్‌రే పిన్ని ఆవులించింది. సరిహద్దు వంతెన పక్కన రేకుల గదిలో ఆడవాళ్ళను తనిఖీ చేయడం పందొమ్మిదేళ్ళుగా ఆమె ఉద్యోగం. కళ్ళు మూసుకుని, చేతి వెనకవైపుతో తడుముతుంది. కళ్ళు మొహమాటపడతాయి, చేతులకు ఆ జబ్బు లేదని ఆమె లెక్క. ఎక్స్‌రే అని పేరు పెట్టింది గేటు కాపలావాళ్ళు. పైకి కసురుకున్నా, ఆ పేరు ఆమెకు ఇష్టమే.

వంతెన అవతలి దేశాన్ని తుపాకుల మూకలు ఆక్రమించి అయిదు రోజులైంది. అప్పట్నుంచి క్యూ పెరగడమే తప్ప తరగడం లేదు. అవతలి ఊళ్ళోనే ఆమె చెల్లెలి కాపురం. ఫోను కలవదు. చెల్లెలు ఎలాగైనా ఇవతలకు వచ్చి పడేదాకా పిన్నికి ముద్ద దిగేలా లేదు.

"రండమ్మా, చేతులు పైకెత్తండి."

దుమ్ముకు ముఖానికి గుడ్డ చుట్టుకున్న ఒకామె చాప మీద చెప్పులు విడిచి వచ్చి నిలబడింది. పిన్ని కళ్ళు మూసుకుంది. ఎడమ భుజం దగ్గర ఎముక కాస్త పొడుచుకొచ్చి తగిలింది. చిన్నప్పుడు గోడ మీంచి పడితే సరిగా అతుక్కోని ఎముక. పిన్నికి ప్రాణం లేచొచ్చింది. "వచ్చావటే!" అని నోరు తెరవబోయేలోగా చేతులు అలవాటు చొప్పున పక్కటెముకల దగ్గరకు దిగాయి. అక్కడ గుడ్డలో చుట్టిన పిస్తోలు ఉంది.

"అక్కా, అరవకు," అంది చెల్లెలు గొంతు తగ్గించి. "ఇవతల ఎవరో వచ్చి తీసుకుంటారట. మీ మరిదిని ఆ తుపాకులవాళ్ళు తమ దగ్గరే ఉంచుకున్నారు."

"ఇంతమంది ఉండగా నిన్నే ఎందుకు పంపారే?"

"ఇక్కడ నువ్వున్నావని."

వదిలేస్తే ఆ పిస్తోలు ఇవతల ఎవరి కొంప ముంచుతుందో. పట్టిస్తే చెల్లెలు జైలుకు, మరిది కాటికి. చెల్లెలి కాగితాల మీద ముద్ర కూడా సరిగ్గానే ఉంది, ఆపడానికి వంక లేదు.

"వాళ్ళకు కాగితాలు చెల్లలేదని చెప్పు. గేటు దగ్గరే ఆపేశారని చెప్పు."

"నమ్ముతారా అక్కా?"

పిన్ని పిస్తోలును ఉన్నచోటే ఉండనిచ్చింది. చెల్లెల్ని ఒక్కసారి గట్టిగా వాటేసుకుంది. తర్వాత తెర పక్కకు లాగి, "ఈవిడ కాగితాల్లో తేడా ఉందయ్యా, వెనక్కి పంపెయ్," అంది కాపలావాడితో.

కిటికీలోంచి చూస్తూ నిలబడింది. వంతెన అవతల తుపాకులవాళ్ళు చెల్లెల్ని చుట్టుముట్టి ఏదో అడిగారు. జీపు ఎక్కించుకున్నారు. జీపు ఊరివైపు కాక కొండలవైపు తిరిగింది. పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"పిన్నీ, తర్వాతావిణ్ణి పంపనా?"

"పంపు," అంది కళ్ళు తుడుచుకుని.

వచ్చినావిడ చెప్పులు విడవబోయి ఆగింది. చాప మీద అప్పటికే ఒక జత ఉంది, ఎడమ చెప్పు వారుకు పిన్నీసు పెట్టి.