అత్తగారు వేసుకున్న మాత్ర

"ఇంకా లెగలేదేటే? పాలోడు వచ్చి ఎల్లిపోనాడు."

మా అత్తగారు పార్వతీదేవి నెల్లాళ్లుగా రోజూ ఈ మాటే అంటున్నారు. నేనూ రోజూ ఐదింటికే గోడ పట్టుకుని లేస్తున్నాను. సర్పి లేచి మానింది గానీ, పొక్కులున్న చోట పక్కటెముకల వెంట మంట మిగిలిపోయింది. జాకెట్టు గుడ్డ తగిలినా ప్రాణం విలవిల్లాడేది. విజయనగరంలో డాక్టరమ్మ అది నరం నొప్పి అని చెప్పి క్యాప్సూల్ రాసింది. "రోజూ రాత్రి ఒకే వేళకి వేసుకో. మొదట్లో మత్తుగా ఉంటుంది. మరీ ఎక్కువైతే నాకు చెప్పు, అంతేగానీ నీ అంతట నువ్వు ఆపేయకు" అంది. రెండు వారాలకి మంట సగానికి తగ్గింది. ఆ సుఖం ఎవరితో చెప్పుకోను? నా మంట ఇంట్లో ఎవరికీ కనిపించలేదు, మత్తు మాత్రం అందరికీ కనిపించింది. చారులో ఉప్పు రెండుసార్లు పడిందని మా ఆయన చంద్రమౌళి మా కిరాణా కొట్లో బేరగాళ్ల ముందే "మా ఇంటావిడకి నిద్ర జబ్బు" అని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "ఆ మాతర మానీరాదా, నొప్పి తగ్గిపోనాది కదా" అన్నారు ఇంటికొచ్చాక. పొద్దున్న టీ తను పెట్టుకుంటానని మాత్రం ఒక్కరోజూ అనలేదు. నిజం చెప్పొద్దూ, మానేద్దామనే అనుకున్నాను. మంట కన్నా ఈ మాటలు పడడమే కష్టంగా ఉండేది.

మా ఇంట్లో అందరి మందులూ ఒకే బిస్కెట్ డబ్బాలో ఉంటాయి. ఒకరికి పనిచేసింది ఇంకొకరికి ఎందుకు పనిచేయదని అత్తగారి నమ్మకం. ఆ ఆదివారం పొద్దున్న మోకాళ్ల నొప్పికి నా క్యాప్సూల్ ఒకటి వేసేసుకున్నారు.

పదింటికి పెరట్లోకి వెళ్లబోయి తూలారు. పరిగెత్తి పట్టుకున్నాను గానీ, లేకపోతే మెట్ల మీద పడేవారే. "కాళ్లు నావి కావే, రాధికా" అన్నారు. ఏం మింగారో అడిగి, వెంటనే డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "ఆవిడని ఒంటరిగా వదలకు, నడవనివ్వకు. లేపితే పలక్కపోయినా, ఊపిరి తేడాగా ఉన్నా ఆస్పత్రికి తీసుకెళ్లిపో. ఒకరికి రాసింది ఇంకొకరు వేసుకోకూడదమ్మా" అంది. మా ఆయన కొట్టు మూసి వచ్చి తల్లి పక్కనే కూర్చున్నారు. లేపినప్పుడల్లా ఆవిడ "ఊఁ" అంటూనే ఉన్నారు. ఆ "ఊఁ" కోసం మేమిద్దరం ఊపిరి బిగబట్టుకుని ఎదురుచూశాం.

నాలుగింటికి కళ్లు పూర్తిగా తెరిచి నన్నే చూశారు.

"ఇదేసుకునేటే నువ్వు తెల్లారగట్ల పొయ్యికాడ నిలబడతన్నావు?"

నాకు ఏడుపు ఆగలేదు. పెళ్లయిన పదహారేళ్లలో నా ఒంటి గురించి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అది.

"అలాటి మందు నీకెందుకు, ఆపీ" అన్నారు మా ఆయన.

"ఒరే, నువ్వూరుకో. ఆ సంగతి డాక్టరమ్మ సెప్పాల, నువ్వు కాదు."

సోమవారం నేనొక్కదాన్నే రైలెక్కి వెళ్లాను. మోతాదు మార్చక్కర్లేదనీ, రాత్రి పదింటికి బదులు ఎనిమిదింటికే వేసుకుంటే పొద్దుటికి మత్తు తగ్గుతుందనీ, అప్పటికీ తగ్గకపోతే మళ్లీ రమ్మనీ చెప్పింది డాక్టరమ్మ. తిరిగి మా చీపురుపల్లి స్టేషన్లో దిగేసరికి నా మనసు తేలికైపోయింది. క్యాప్సూళ్లు నా బీరువాలో పెట్టి తాళం వేశాను. భోజనాల దగ్గర, "రేపట్నుంచి ఏడింటి దాకా నన్ను లేపకండి" అన్నాను.

తెల్లారి మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ ఉంది. వంటింట్లో డబ్బాలు తీసి మూస్తున్న చప్పుడు.

"రాధికా, టీపొడి ఎక్కడున్నాది?"

కొట్లో పొద్దస్తమానం టీపొడి అమ్మే మనిషి అడుగుతున్నారు. నాకు స్పష్టంగా వినిపించింది. దుప్పటి మెడ దాకా లాక్కున్నాను.