రెండోసారి చదివిన సముద్రం

మా కోడలు రోజూ మధ్యాహ్నం రేడియోలో సముద్రాలు చదువుతుంది. వార్తలు కాదు, సముద్రాలే. ఎక్కడ అల ఎంత ఎత్తు లేస్తోంది, గాలి ఎటు నుంచి ఎటు, ఏ నీళ్ళు వేడెక్కాయి, ఎక్కడ అల్పపీడనం పుట్టింది, అది వాయుగుండం అవుతుందా, దారిలోనే చల్లారిపోతుందా, ఇవన్నీ. ముందు మన సముద్రం, తర్వాత తూర్పు మహాసముద్రం, ఆఖరున పడమటి మహాసముద్రం. ఏమీ లేని చోట ఏమీ లేదని కూడా చదవాల్సిందే. ఊరుకుంటే ఓడల వాళ్ళు తమని మరిచిపోయారనుకుంటారట.

దానికో పద్ధతి ఉంది. మామూలు మాటైతే ఒకసారి చదువుతారు. హెచ్చరికైతే రెండుసార్లు, ఆగి ఆగి చదువుతారు. ఊగే ఓడలో కూర్చుని రాసుకునేవాళ్ళకి మొదటిసారి అందనిది రెండోసారి అందాలని అలా పెట్టారు. ఏళ్ళ తరబడి అదే జరిగేసరికి, రాసుకునే పని లేనివాళ్ళు కూడా వాక్యం మళ్ళీ మొదలైందంటే చేతిలో పని ఆపేస్తారు. నేనూ అంతే. వంటింట్లో కూరగాయలు తరుగుతూ వింటాను. ఆ రేడియో మా ఆయన బాగుచేసి పెట్టిపోయింది, కిటికీ ఊచకి తీగ చుట్టి ఉంటుంది, ఆ తీగ కదిలిస్తే నేను ఊరుకోను. కోడలు పొద్దున జ్వరంతో వెళ్ళినా, నాతో మాటా మాటా అనుకుని వెళ్ళినా, ఆ పెట్టెలోంచి మాత్రం ఇస్త్రీ చేసిన గొంతే వస్తుంది.

మా చిన్నాడు ఓడలో ఇంజిను పని చేస్తాడు. వేసవి మొదట్లో పడమటి మహాసముద్రం వెళ్ళే ఓడలో పిలుపు వచ్చింది. ఆ రోజు అన్నాల దగ్గర మొగుడికీ పెళ్ళానికీ మాటా మాటా పెరిగింది.

"ఈ ఒక్కసారికి వేరే ఓడ చూసుకోండి. అక్కడ నీళ్ళు ఇప్పటికే కాగి ఉన్నాయి. ఈ వేసవంతా ఒకదాని వెనక ఒకటి పుడుతూనే ఉంటాయి," అంది కోడలు.

"ఫ్యాను కింద కూర్చుని కాగితం చదివేదానివి, నాకు సముద్రం నేర్పుతున్నావా?"

"కాగితమే. ఆ కాగితం విని మీ కెప్టెన్ దారి మారుస్తాడు."

"అయితే ఆ కెప్టెన్నే చేసుకోవాల్సింది."

అక్కడ ఆగి ఉంటే నవ్వుకుని లేచేవాళ్ళం. వీడు ఆగలేదు. "నువ్వు చదివింది వినకపోయినా మా ఓడ నడుస్తుంది," అన్నాడు. ఆ అమ్మాయి కంచం ముందు నుంచి లేచి, "అయితే వినకండి," అంది. మర్నాడు వీడు సంచీ భుజాన వేసుకుని, నాకు చెప్పి, ఆమెకు చెప్పకుండా వెళ్ళాడు.

రేవు తగిలినప్పుడల్లా ఫోను చేస్తాడు. చేసేది నాకే.

"అమ్మా, ఇంట్లో అందరూ బాగేనా?"

"అందరూ అంటే ఎవర్రా? ఉన్నదే ఇద్దరం. నేను బాగానే ఉన్నాను."

"మరి మిగతా వాళ్ళు?"

"మిగతా వాళ్ళు నా పక్కనే ఉన్నారు. ఇవ్వనా?"

"వద్దులే. ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు."

నాతో మాట్లాడినంతసేపూ గంటలా మోగిన సిగ్నల్, ఆమె మాట ఎత్తగానే పోతుంది. ఆమేం తక్కువా? నేను ఫోను పెట్టగానే, ఏమీ విననట్టు, "మీ అబ్బాయి ఎలా ఉన్నారట?" అంటుంది. పెళ్ళైన నాటి నుంచి తను 'ఆయన' అని చెప్పుకున్న మనిషి ఇప్పుడు వట్టి నా అబ్బాయి అయిపోయాడు. ఇద్దరూ నా మీదుగా మాట్లాడుకుంటుంటే మధ్యలో గోడలా కూర్చునేదాన్ని.

నవ్వుతూ చెబుతున్నాను గానీ, లోపల బెంగగా ఉండేది. మా ఆయనా నేనూ కూడా ఒకసారి మాటలు మానేశాం, తలుపు గడియ ఎవరు వెయ్యలేదన్న దాని మీద. మొదట్లో పంతంగా ఉండేది. తర్వాత్తర్వాత మాట్లాడకుండానే ఇల్లు గడిచిపోవడం మొదలైంది. అప్పుడే నాకు భయం వేసింది. అంతలో బియ్యం డబ్బాలోంచి ఎలుక దూకితే నేను కెవ్వుమన్నాను, ఆయన పరిగెత్తుకొచ్చి "ఏమైందే?" అన్నారు, దాంతో సరిపోయింది. ఒకే ఇంట్లో ఉన్నాం కాబట్టి ఎలుక చాలింది. వీళ్ళ మధ్య మహాసముద్రం ఉంది. ఏ ఎలుక ఈదుకుంటూ పోతుంది?

వేసవి నడిమికి వచ్చేసరికి పడమటి సముద్రంలో అల్పపీడనం పుట్టింది. రెండో పూటకే వాయుగుండమైంది. కోడలు చదివింది రెండుసార్లు, అదే ఇస్త్రీ గొంతుతో. తర్వాత అది తుఫాను అయింది. అదీ చదివింది రెండుసార్లు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గడప మీద కూర్చుంది.

"ఓడ ఎక్కడుందో నీకు తెలుసా అమ్మాయ్?" అన్నాను.

"తెలుసు అత్తయ్యా."

"తుఫాను ఎక్కడుందో?"

"అదీ తెలుసు."

"మరి రెండింటికీ మధ్య ఎంత దూరం?"

"అదొక్కటే పూట పూటకీ మారుతోంది."

చెప్పులు విప్పుతూ తనే విడమరిచి చెప్పింది. వేడి నీటి ఆవిరే తుఫానుకి తిండి. అది ఆరాలంటే ఎడారి మీద నుంచి పొడిగాలి దుమ్ము మోసుకుంటూ వచ్చి మీద పడాలి. లేదంటే పైగాలి ఒకవైపు, కిందిగాలి ఒకవైపు లాగి దాన్ని చీల్చాలి. "దుమ్ము బయల్దేరింది. అందుతుందో లేదో," అంది. ఇల్లు ఊడ్చి ఊడ్చి నడుం పడిపోయినదాన్ని, దుమ్ము రావాలని దేవుణ్ణి అడుగుతానని ఎప్పుడూ అనుకోలేదు. ఆ రాత్రి అడిగాను.

వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం నేను బెండకాయలు తరుగుతున్నాను. మన సముద్రం అయింది, తూర్పు అయింది. "పడమటి మహాసముద్రంలో తుఫాను పూర్తిగా బలహీనపడింది. రాబోయే రోజుల్లో కొత్తగా తుఫానులు ఏర్పడే సూచనలు లేవు. అలలు ఒక మోస్తరుగా ఉంటాయి." హమ్మయ్య అనుకుని ఇంకో బెండకాయ అందుకున్నాను. అంతలో అదే మాట మళ్ళీ మొదలైంది. "పడమటి మహాసముద్రంలో..." ఆగి ఆగి, ఒక్కో అక్షరం కూర్చి, మొదటి నుంచి చివరి దాకా. నా చెయ్యి బెండకాయ మీదే ఉండిపోయింది. ఏమీ లేదనే చదువుతోంది. కానీ రెండుసార్లు చదువుతోంది.

సాయంత్రం వచ్చాక చెప్పింది, గొడుగు సారు పిలిచారని. వాళ్ళ ఆఫీసులో పెద్దాయన. వాన రాదని తనే రాసిన రోజు కూడా గొడుగు లేకుండా గేటు దాటడని ఆ పేరు పెట్టారు.

"తిట్టాడా?"

"తిట్టినా బాగుండేది. 'రెండుసార్లు అంటే జాగ్రత్తపడండి అని సముద్రం మీద వాళ్ళకి మనమే అలవాటు చేశామమ్మా. ఇవాళ ఏమీ లేనిదాన్ని రెండుసార్లు చదివితే, రేపు నిజంగా ఉన్నదాన్ని చదివినప్పుడు వాళ్ళు ఏం చెయ్యాలి?' అన్నారు."

"నువ్వేమన్నావు?"

"నిజమే అన్నాను. నిజమే కదా అత్తయ్యా." కొంగుతో ముఖం తుడుచుకుంది. "కొన్నాళ్ళు మైకు దగ్గరికి వద్దన్నారు. పటాలు గీసే గదిలో కూర్చోమన్నారు. అది హెచ్చరిక కాదని రేపు మధ్యాహ్నం సవరణ ఇంకొకాయన చదువుతారు."

ఎందుకలా చదివావని నేను అడగలేదు. అడిగినా నాకు చెబుతుందా.

మర్నాడు పొద్దున్నే, ఆమె ఇంకా ఆఫీసుకి బయల్దేరకముందే, ఫోను మోగింది. చిన్నాడే. అందరూ బాగేనా అని అడగలేదు.

"అమ్మా, తనకివ్వు."

"సిగ్నల్ ఉందా నాయనా?"

"అమ్మా, కెప్టెన్ గారు పక్కనే ఉన్నారు. ఇవ్వు."

నా చేతులెప్పుడూ తడిగా ఉంటాయని ఆ ఫోనెప్పుడూ బయటికి వినిపించేలా పెట్టి ఉంటుంది. అలాగే ఆమె చేతిలో పెట్టాను.

"చెప్పండి," అంది.

"నేను కాదు, కెప్టెన్ గారు అడగమన్నారు."

"అడగమన్నదేదో అడగండి."

"నిన్న పడమటి సముద్రం మాట రెండుసార్లు చదివావట. 'చదివింది నీ భార్యేగా, అడుగు' అంటున్నారు. పైకి చెప్పకూడనిది ఏదో ఉందని అనుమానపడి, ఓడని దగ్గరి రేవుకి తిప్పించారు. ఏముంది అక్కడ?"

"ఏమీ లేదు."

"ఏమీ లేనిదానికి రెండుసార్లా?"

నేను కుళాయి కట్టేశాను. కోడలు గోడ వైపు తిరిగింది.

"మొదటిసారి ఓడలకి చదివాను. చదివాక నాకే నమ్మకం కుదరలేదు. రెండోసారి చదివితే కుదిరింది."

ఈసారి నిజంగానే సిగ్నల్ పోయిందనుకున్నాను. ఇంతలో దూరంగా ఒక మొరటు గొంతు, "ఏమంటుందోయ్?" అంది. వీడు గొంతు సవరించుకున్నాడు.

"సముద్రం బాగానే ఉందట సార్."

"మరి రెండుసార్లు ఎందుకట?"

"అది... మా ఇంటి సంగతి సార్."

"మీ ఇంటి సంగతికి నా ఓడని రేవులో కట్టించారా?" అని ఆయన గొణుక్కుంటూ పోవడం, వెనకాల ఇనుప తలుపు పడ్డం వినపడింది. తర్వాత వీడు ఒక్కడే ఉన్నట్టున్నాడు, గొంతు తగ్గింది.

"నీ ఉద్యోగానికేమైనా ఇబ్బందా?"

"కొంచెం. అయినా మీరూ విన్నారా? వినకపోయినా ఓడ నడుస్తుందన్నారుగా."

"ఇంజిను గదిలో ఏమీ వినపడదు. మధ్యాహ్నం పైకొచ్చి వింటాను."

"నిన్న ఒక్కరోజా?"

"రోజూ."

ఆ అమ్మాయి అప్పుడు ఏడ్చింది. తుఫాను ఉన్నన్నాళ్ళూ ఏడవలేదు. నేను తరగడానికి ఏమీ లేకపోయినా కత్తిపీట ముందు కూర్చున్నాను.

ఆమెను మళ్ళీ మైకు ముందు ఎప్పుడు కూర్చోబెడతారో గొడుగు సారుకే తెలియాలి. ఆమె కూడా తొందరపెట్టడం లేదు. రెండుసార్లు చదివిన మాట మీద మళ్ళీ నమ్మకం నిలబడాలంటే కొన్నాళ్ళు పడుతుంది, అది న్యాయమే అంటుంది. ఇప్పుడు చదివే ఆయన రైలు తప్పిపోతున్నట్టు చదువుతాడు. అందుకని మా చిన్నాడు రేవు తగలగానే ఫోను చేసి, "అమ్మా, తనకివ్వు. ఆయన చదివింది ఒక్క ముక్క అర్థం కాలేదు," అంటాడు. ఓడలో అందరికీ అర్థమైంది వీడికే ఎందుకు కాలేదో నేను అడగను. కోడలు వరసగా చెబుతుంది, మన సముద్రం, తూర్పు, పడమర.

"మళ్ళీ చెప్పు," అంటాడు.

"తుఫానేమీ లేదు. ఒకసారి చాలు," అంటుంది.

అని మళ్ళీ చెబుతుంది. నాకు వినపడకూడదని కాదు గానీ, ఆ రెండోసారికి నేను కుళాయి తిప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతాను.