రూపాయి వద్దన్న గేటు

మండుతున్న పొయ్యి మీద బకెట్టెడు నీళ్లు కుమ్మరించారు. నిప్పుల్లో నిలబెట్టిన వెదురు బొంగులు ఫట్టుమని పగిలాయి. సగం ఉడికిన కోడిమాంసం బూడిదలో పడింది. తెల్లారకుండా లేచి కోళ్లు కోసి, ఉప్పూ కారం పసుపూ పట్టించి, బొంగుల్లో కూరి, అడ్డాకులతో మూతులు బిగించిన కనక చేతిలో విసనకర్రతో అలాగే నిలబడిపోయింది.

"ఏటి బాబూ, కాలతన్న పొయ్యి మీద నీలు పోసేత్తారేటి? మీ ఇంట పొయ్యెలగదా?"

"ఇక్కడ పొయ్యిలు పెట్టొద్దని నిన్ననే చెప్పాం. పొగ వస్తే ఫుడ్ కోర్టుకి వచ్చేవాళ్లకి ఇబ్బంది" అన్నాడు బకెట్ పట్టుకున్నవాడు. వాడు కాంట్రాక్టరు వీరభద్రరావు మనిషి. ఆ మాట అని పక్క పొయ్యి దగ్గరికి నడిచాడు. మొత్తం పద్నాలుగు పొయ్యిలు ఆర్పాడు.

అరకు దాటి జలపాతానికి వెళ్లే దారిలో, కార్లు ఆగే ఆ బయలు మీద పన్నెండేళ్లుగా ఈ పద్నాలుగు మంది ఆడవాళ్లే బొంగు చికెన్ కాలుస్తున్నారు. నగరాలవాళ్లు ఆ వంట రుచి మరిగింది వీళ్ల చేతుల మీదే. రుచి మరిగాక చేతులు అక్కర్లేకపోయాయి.

కిందటి వానాకాలంలో వీరభద్రరావు మైదానం నుంచి వచ్చి ఒక్కొక్కరికీ పెద్ద రంగుల గొడుగు ఇచ్చాడు. ఊరికే ఇచ్చాడు. వానలో తడుస్తున్నప్పుడు ఎవరైనా గొడుగు పడితే, ఎందుకు పడుతున్నావని అడగడం ఈ కొండల్లో మర్యాద కాదు. గొడుగు కింద నిలబెట్టి ఫొటోలు తీయించాడు. గొడుగు ముట్టినట్టు వేలిముద్ర వేయమన్నాడు. వేశారు. ఆ కాగితంలో గొడుగు మాట ఒక్క ముక్క. మిగతాదంతా, ఆ బయలు తమది కాదని, పొమ్మన్నప్పుడు పోతామని. గిరిజనుల ఏజెన్సీలో మైదానంవాడి పేర నేల కుదరదు కాబట్టి, ఫుడ్ కోర్టు కాంట్రాక్టు కనక బావగారు సర్వేశ్వరరావు పేర రాయించాడు. సంతకం కొండవాడిది, గల్లాపెట్టె మైదానంవాడిది.

పగిలిన బొంగులు బుట్టలో వేసుకుని వెనక్కి వస్తూ కనక తలెత్తి చూసింది. ఫుడ్ కోర్టు ముందు రెండు నిలువుల ఎత్తు ఫ్లెక్సీ. 'అసలైన గిరిజన వంట' అని రాసి ఉంది. దాని మీద గొడుగు కింద నవ్వుతున్నది కనకే.

లోపల గ్యాసు పొయ్యి మీద మూకుడులో నూనె కాగుతోంది. ఐసు పెట్టెలోంచి తీసిన ఫారం కోడి ముక్కలు అందులో వేయించి, బొంగులో నింపి బల్ల మీద పెడుతున్నారు. తిన్నవాళ్లు లేచాక ఆ బొంగునే కడిగి మళ్లీ నింపుతున్నారు.

"ఓలమ్మా! నా మొకం ఎట్టి మోసం అమ్ముతన్నాడు" అంది కనక.

ఊరి బడి వరండాలో పెట్టిన మొదటి మీటింగుకి ఆ పద్నాలుగు మందే వచ్చారు. "యాపారం ఆలది, పోతే ఆలకి పోయింది. మనకేటి?" అనుకుంది ఊరు. మండలాఫీసుకి వెళ్లి అర్జీ ఇస్తే రేపు రమ్మన్నారు. ఆ రేపు మర్నాడు కూడా రేపే అయింది.

నెల తిరిగేసరికి వరండా చాలలేదు.

బొంగులు కొట్టి తెచ్చే ముసలి సోంబరు ముందు లేచాడు. "మనకేటని అన్నోడిలో నానొకడిని. కొట్టిన బొంగులు పెరట్లో ఎండిపోతన్నాయి. పచ్చిది తప్పితే పొయ్యికి పనికిరాదు గదా. ఆడు ఒకే బొంగు పదిసార్లు కడుగుతాడు, ఆడికి నాతో పనేటి?"

"మా అడ్డాకులు ఎవులు కొంటన్నారిప్పుడు? ఆడు పేపరు పళ్లేల్లో ఎడతన్నాడు!"

"పసుపు అలాగే ఉండిపోనాది, అప్పా!"

సంతలో కిరాణా కొట్టు నడిపే సీతామహాలక్ష్మి కూడా వచ్చింది. మైదానం నుంచి వచ్చి ముప్పై ఏళ్లయిన మనిషి. "ఉప్పూ కారం నా దగ్గర కొనేవారు. వాడి సరుకంతా లారీలో దిగుతోంది. మీ పొయ్యిలు ఆరాక నా కొట్టుకి వచ్చేవాళ్లేరమ్మా?" అంది.

కనక అందరి మొహాలూ చూసింది. "నా పొయ్యి నాదే అనుకున్నాను. ఊరంతా దాని సుట్టూ కూకున్నాదని నాకూ తెలీదు. నా సేతిలో పడ్డ రూపాయి పొద్దు కూకేలోగా మీ ఇల్లల్లోనే తిరిగేది. ఆడి సేతిలో పడ్డది ఘాటు దిగిపోతన్నాది."

"కోపాలొద్దు" అంటూ సర్వేశ్వరరావు లేచాడు. "పేరు నాదే గదా. మనోడి పేరు బోర్డు మీదుంటే మనకి పరువు గాదా?"

"ఆ పేరుకి ఆడిచ్చేది నెలకో సీసా" వెనక నుంచి అతని భార్య రత్నాలు అరిచింది. "నా కోళ్లు కొన్నది కనక. ఆ డబ్బుల్తోనే నీ కొడుకు హుకుంపేట హాస్టల్లో సేరినాడు. పరువంట, పరువు!"

"ఇంతమంది మొగోలున్నారు, అరవకే!"

"అందులో నువ్వున్నావని ఎవులన్నారు?"

వరండా అంతా గొల్లుమంది. సర్వేశ్వరరావు కూర్చున్నాడు.

అప్పటికి చైత్రమాసం. ఇటుకల పండగ దగ్గరపడింది. ఆ రోజుల్లో మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి వేటకి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురు గడ కడతారు. వచ్చే బండిని ఆపి, పాడి, ఆడి, ఇచ్చింది పుచ్చుకుని గడ ఎత్తుతారు. దాన్నే గేటు అంటారు. ఎంత పెద్ద కారైనా ఆగవలసిందే.

"మీరు అడివికెల్లండి. ఈ ఏడు మేం రోడ్డు మీద ఏటాడతాం" అంది రత్నాలు.

"ఏటీ దొరక్కపోతే?" అన్నాడు సోంబరు.

"ఉత్త సేతుల్తో వొచ్చిన మొగోలికి పేడనీలు కొడతాం గదా. మాకు మీరు కొట్టండి."

పండగ మొదటిరోజు పొద్దున్నే జలపాతం దారిలో గడ పడింది. దాని పక్కనే, రోడ్డు వారగా, పద్నాలుగు పొయ్యిలు. ఫుడ్ కోర్టు వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు నవ్వుతూ పది రూపాయలు తీశాడు.

"రూపాయి వద్దు. బండి ఎనక్కి తిప్పు" అంది కనక.

వంద తీశాడు. ఐదువందల నోటు తీశాడు.

"తిప్పమన్నాది నోటు గాదు బాబూ, బండి!"

ఐసు పెట్టెలు కారుతూ వ్యాను వెనక్కి తిరిగింది. టూరిస్టుల కార్లకి మాత్రం గడ ఎత్తారు. కానీ పొగ వాసన తగిలినవాళ్లు ముందుకి పోలేదు. ఒకావిడ కారు దిగి కనకని ఎగాదిగా చూసింది. "ఆ బోర్డు మీద ఉన్నది మీరేనా?"

"మొకం నాదే. కూర నాది గాదు. నాది తినాలంటే ఇక్కడ కూకోండి."

ఆవిడ రోడ్డు పక్క రాయి మీద కూర్చుంది. సోంబరు అడవికి పోకుండా బొంగులు కొడుతూనే ఉన్నాడు. ఆకులు ఏరే ముసలమ్మలు తట్టలతో దిగారు. మూడు రోజులు ఫుడ్ కోర్టులో బల్లలు ఖాళీ.

నాలుగోరోజు వీరభద్రరావు ఎస్సైని వెంటబెట్టుకుని జీపులో వచ్చాడు.

"చూశారా సార్? నేను గొడుగులిచ్చి బాగు చేసినవాళ్లే నా నోటికాడ కూడు లాగేస్తున్నారు."

కనక గొంతు పెంచింది. "నీ నోటి కాడదా? నా పొయ్యి మీద నీలు పోసినోడివి నువ్వు. ఈ నేల మీద నీ పేరేది, సూపించు ఈ సారుకి! నా బావ ఎనకాల ఎందుకు దాక్కున్నావు? అది అడగండి సారూ ముందు!"

ఎస్సై అది అడగలేదు. రాకపోకలకి అడ్డం అన్నాడు, కేసు అన్నాడు. కనక చెయ్యి పట్టి జీపు ఎక్కించారు. రత్నాలు తనే వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. దూరంగా నిలబడ్డ సర్వేశ్వరరావు రెండడుగులు ముందుకి వేశాడు.

"ఏటి సూత్తన్నావు? నీ పేరు ఆడికిచ్చినావు. నా పేరు ఈలకి ఇత్తన్నాను, కేసులో రాసుకుంటారు" అంది రత్నాలు.

సర్వేశ్వరరావు తల తిప్పుకున్నాడు. తరవాత ఏమనుకున్నాడో, ఎస్సై పక్కకి తీయించిన గడని భుజాన ఎత్తుకుని తెచ్చి, మళ్లీ రోడ్డుకి అడ్డంగా వేసి, వీరభద్రరావు ఎదుట నిలబడ్డాడు. "నా పేరు నాకిచ్చేయండి" అన్నాడు.

జీపు అప్పటికే మలుపు తిరిగింది. పక్క ఊరి దగ్గర గడ. ఫోన్లలో కబురు ముందే అందింది. ఆడవాళ్లు పాడటం లేదు, ఆడటం లేదు. రోడ్డు మీద కూర్చుని ఉన్నారు. ఎస్సై అలవాటుగా జేబులోంచి పది రూపాయల నోటు తీశాడు.

"రూపాయి వద్దు సారూ. మా ఆడోల్ని దింపండి."

అతను తల పైకెత్తి చూశాడు. కిందికి దిగే రోడ్డు మీద, మలుపుకో గడ. ప్రతి గడ వెనకా రంగురంగుల చీరలు. ఇంకా కొత్తవాళ్లు పొలాల్లోంచి దిగి వస్తూనే ఉన్నారు.

డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"ఈ పండగ ఎన్నాళ్లమ్మా?" అన్నాడు ఎస్సై విసుగ్గా.

"ఎప్పుడూ అయితే వారం" అంది ముందు కూర్చున్న ముసలమ్మ, కాళ్లు బారజాపుకుంటూ. "ఈ ఏడు ఇంకా సెప్పలేం."